జట్టును నడిపినవాడు, జట్టును వీడినవాడు: జైపాల్ సింగ్ ముండా జీవితము

పందెము ముగిసిన సాయంకాలమున క్రీడాస్థలము చెంత నిలిచి బాలురు చేయు వాదములను వినినవారికొక సంగతి తెలియును. ఆడినవారిని గూర్చి పలుకు మాటలకంటె, ఆడింపబడనివారిని గూర్చి పలుకు మాటలే యెక్కువగా నుండును. ఫలానివానినేల నిలిపివేసిరి? నాయకత్వము వీనికేల నిచ్చిరి? నిర్వాహకుడు చేసిన యన్యాయమును చూచుచు నాయకుడు మిన్నకుండవలెనా, లేక కర్ర పారవైచి వెడలిపోవలెనా? ఇట్టి ప్రశ్నలకు సులభముగా సమాధానము దొరకదు. హాకీ యాటయందు ప్రీతిగల ప్రతి విద్యార్థియు తెలిసికొనదగిన యొక జీవితమున నీ ప్రశ్న యొకమారు గాదు, అనేక పర్యాయములు తలయెత్తినది. ఆ జీవితము 1928వ సంవత్సరమున మన దేశమునకు ప్రథమ ఒలింపిక్ స్వర్ణపతకము తెచ్చిన హాకీ జట్టునకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండాది.

ఆయన 1903వ సంవత్సరము జనవరి 3వ తేదీన నేటి జార్ఖండ్ రాష్ట్రములోని ఖూంటీ ప్రాంతమున టకరా యను కుగ్రామమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ప్రమోద్ పహాన్. తండ్రి పేరు అమ్రూ పహాన్. పహాన్ అనగా ముండాల గ్రామపూజారి. ముండా జాతివారు ఛోటానాగపూరు పీఠభూమిని అనాదిగా ఆశ్రయించి, అడవిని నరికి పొలము చేసికొని జీవించు ఆదివాసులు. అట్టి కుటుంబములోని పిల్లలకు మొదటి విద్య పశువులను మేపుటయే. ఈ బాలుడును మొదట పశువుల వెంట తిరిగినవాడే. ఎనిమిదేండ్ల ప్రాయమున, అనగా 1911వ సంవత్సరమున, ఆయనను రాంచీ పట్టణములోని సెయింట్ పాల్స్ మిషను పాఠశాలలో చేర్చిరి. జైపాల్ సింగ్ అను పేరు ఆయనకు పాఠశాలలో చేరిన పిమ్మట స్థిరపడినది.

ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు కానన్ కాస్‌గ్రేవ్ అను ఆంగ్ల మతగురువు. ఆయన ఈ బాలుని తెలివిని, నడవడిని, ఆటయందలి నేర్పును కనిపెట్టెను. ఛోటానాగపూరు మిషను పాఠశాలలలో హాకీకి నాడును నేడును పెద్దపీట గలదు. అచ్చటి పిల్లలు వెదురు కర్రలను వంచి కొట్టుకర్రలుగా చేసికొని యాడుదురు. అట్టి నేల మీదనే జైపాల్ సింగ్ ఆట నేర్చెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగియు కాలమున కాస్‌గ్రేవ్ దొర స్వదేశమునకు పోవుచు ఈ శిష్యుని వెంటబెట్టుకొని పోయెను. పశువుల కాపరి బాలుడొకడు సముద్రము దాటి ఇంగ్లండు చేరుటకు ఒక్క ఉపాధ్యాయుని విశ్వాసమే కారణమాయెను. ఉపాధ్యాయుని చూపు విద్యార్థిపై నిలిచినచో నెంత ఫలము కలుగునో చెప్పుటకు ఇంతకంటె వేరు నిదర్శన మక్కరలేదు.

ఇంగ్లండునందు ఆయన మొదట కాంటర్‌బరీలోని సెయింట్ ఆగస్టీన్ కళాశాలలో చదివి, 1922వ సంవత్సరమున ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమందలి సెయింట్ జాన్స్ కళాశాలలో ప్రవేశించెను. అచ్చట అర్థశాస్త్రమున పట్టము పొందెను. వాదసభలలో పాల్గొనెను. హాకీలో వెనుక వరుసను కాపాడు ఫుల్‌బ్యాక్ స్థానమున ఆయనకు గొప్ప పేరు వచ్చెను. ఎదుటి ఆటగాని శరీరమునకు తగులకుండ బంతిని మాత్రమే తప్పించి తీసికొనుట, పిమ్మట దానిని బలముగా ముందున్నవారికి పంపుట ఆయన నేర్పు. 1925వ సంవత్సరమున విశ్వవిద్యాలయము పక్షమున ఆడినవారి కొసగు బ్లూ అను గౌరవము ఆయనకు లభించినది. ఆక్స్‌ఫర్డ్ తరఫున హాకీలో ఆ గౌరవమును పొందిన భారతీయులలో ఆయనయే మొదటివాడు.

అంతట ఆయన ఇండియన్ సివిల్ సర్వీసునకు ఎన్నికయై శిక్షణ పొందుచుండెను. ఆ కాలమున సివిల్ సర్వీసనగా జిల్లా కలెక్టరు పదవి, ఘనమైన జీతము, సర్వత్ర గౌరవము. ఆ కొలువునకై సంపన్న కుటుంబములవారు తమ కుమారులను లండనునకు పంపి యేండ్ల తరబడి నిరీక్షించెడివారు. ముండా గ్రామమునుండి వచ్చినవానికి అది కలలోనైన దుర్లభమే. సరిగా ఆ సమయముననే ఆమ్‌స్టర్‌డాము నగరమున జరుగు ఒలింపిక్ పోటీలకు భారతదేశము తొలిసారిగా హాకీ జట్టును పంపుచు, దానికి నాయకత్వము వహింపుమని ఆయనను కోరినది. శిక్షణలోనుండి పోవుటకు ఆయన సెలవు వేడెను. లండనులోని అధికారులు ఆ సెలవును నిరాకరించిరి. ఆయన సెలవు లేకయే పోయెను. తిరిగివచ్చిన పిమ్మట శిక్షణను మరియొక సంవత్సరము చేయవలెనని అధికారులు ఆజ్ఞాపింపగా, అందుల కొప్పుకొనక ఉద్యోగమునే వదలుకొనెను.

ఇది మొదటి నిర్ణయము. దీనిని గూర్చి తలిదండ్రులు పిల్లలు ఏకాభిప్రాయమునకు వచ్చుట కష్టము. ఒక ఆటకొరకు జన్మకంతకు సరిపోవు జీవనాధారమును వదలుట అవివేకమని పెద్దలందురు. కాని ఆయన వదలినది ఆటకొరకు మాత్రమే కాదని నా యభిప్రాయము. దేశము పేరిట ఆడుటకై పిలుపు వచ్చినప్పుడు పోకుండుట ఆయనకు సాధ్యము కాలేదు. పోయినందుకు శిక్ష యనుభవించుటయు సమ్మతము కాలేదు. ఫలమెరిగి చేసిన త్యాగమును అవివేకమనరాదు.

ఇక ఆ జట్టు సంగతి వినుడు. భారత హాకీ సమాఖ్య 1925వ సంవత్సరమున గ్వాలియరు నగరమున స్థాపింపబడినది. మూడేండ్ల పసిసంస్థకు ధనమెక్కడిది? ప్రయాణవ్యయమునకు చాలినంత సొమ్ము సమకూరక ఇద్దరు ఆటగాండ్రను విడిచిపోవలసి వచ్చునేమో యను స్థితి కూడ కలిగినది. 1928 మార్చి నెలలో బొంబాయి రేవునుండి కైజరిహింద్ అను ఓడ బయలుదేరినప్పుడు వారిని సాగనంపుటకు వచ్చినవారు ముగ్గురే. జైపాల్ సింగ్ ఇంగ్లండుననే యుండుటచే అచ్చట జట్టును కలిసికొనెను. జట్టులో అధికసంఖ్యాకులు ఆంగ్లో ఇండియనులు. ఆ జట్టున సైన్యములోనున్న ధ్యాన్‌చంద్, అలెన్, పిన్నిజర్, షౌకత్ అలీ, ఫిరోజ్ ఖాన్ మొదలైన హేమాహేమీలుండిరి. హిందువులు, మహమ్మదీయులు, సిక్కులు, క్రైస్తవులు, ఆదివాసి నాయకుడు కలిసి యొక్క జట్టుగా నేర్పడుట ఆ దినములలో అరుదైన దృశ్యము.

ఆ జట్టు చేసిన పనిని అంకెలే చెప్పగలవు. ఆస్ట్రియాపై 6 గోలులు, బెల్జియముపై 9, డెన్మార్కుపై 5, స్విట్జర్లాండుపై 6, తుదిపోటీలో ఆతిథ్యదేశమైన హాలండుపై 3. మొత్తము అయిదు పందెములలో 29 గోలులు చేసి ఎదుటివారిచే ఒక్క గోలైన చేయించుకొనలేదు. అందు ధ్యాన్‌చంద్ ఒక్కడే 14 గోలులు చేసెను. గోలు కాపరి అలెన్ వెనుక బంతి యొకమారైన వలను తాకలేదు. మే 26వ తేదీన తుదిపోటీ జరుగునాటికి కొందరు ఆటగాండ్రు రోగపీడితులై యుండిరి. ధ్యాన్‌చంద్ సైతము జ్వరముతోనే యాడెను.

అయితే ఆ తుదిపోటీలో జట్టు నాయకుడు లేడు. ప్రాథమిక పందెములలో జట్టును నడిపిన జైపాల్ సింగ్, జట్టు నిర్వాహకునితో పొసగక, ఆఖరి పందెమునకు ముందే వైదొలగెను. పాలకుల సమాజమున వర్ణభేదము గాఢముగానున్న ఆ కాలమున, అడవి జాతివాడని కొందరు చులకనగా చూచు మనుష్యుడు నాయకస్థానమున నిలుచుట యెంత కఠినమో మనము ఊహింపవచ్చును. ఏమైనను దేశమునకు ప్రథమ స్వర్ణపతకము లభించిన ఘడియలో, ఆ పతకమునకై కొలువునే పణముగా పెట్టినవాడు మైదానమున లేకపోయెను.

ఇది రెండవ నిర్ణయము. ఆయన యందు నాకుగల గౌరవమును దాచక, నా యభిప్రాయమును కూడ దాచక చెప్పెదను. ఆత్మగౌరవము లేని నాయకుడు జట్టునకు భారము. అవమానమును సహించి నిలుచుట యెల్లవేళల ధర్మము కాదు. కాని నాయకత్వము నాయకుని సొంత ఆస్తియును కాదు. పదిమంది మిత్రులు జ్వరములతో కర్రలు పట్టి నిలుచుచుండగా, కలహమును ఒక్క దినము వాయిదా వేసికొని, గెలిచిన పిమ్మట నిర్వాహకుని నిలదీసియుండిన ఆయన కీర్తి ఇంకను ఉజ్జ్వలముగా నుండెడిదని తోచుచున్నది. ఆయన పక్షమున వాదింపదలచువారు వాదింపవచ్చును. వాదమునకు చోటున్నది కనుకనే ఈ కథ చెప్పదగినదైనది.

పిమ్మట ఆయన బర్మాషెల్ కంపెనీలో ఉద్యోగము స్వీకరించి కలకత్తా చేరెను. అచ్చట మోహన్ బగాన్ సంఘమువారు 1929వ సంవత్సరమున హాకీ జట్టును నెలకొల్పుటకు తోడ్పడెను. భారత జాతీయ మహాసభ ప్రథమాధ్యక్షుడైన ఉమేశచంద్ర బెనర్జీగారి మనుమరాలు తారా మజుందారును వివాహమాడెను. తరువాత ఆయన మనస్సు బోధనవైపు మరలినది. 1934వ సంవత్సరమున ఆఫ్రికాలోని గోల్డుకోస్టు, అనగా నేటి ఘానా దేశములోని అచిమోటా కళాశాలలో అధ్యాపకుడాయెను. మరల స్వదేశమునకు వచ్చి రాయపూరులోని రాజకుమార కళాశాలలోను, పిదప బికనీరు సంస్థానమునను పనిచేసెను. మంచి జీతము, మంచి మర్యాద యున్నవి. కాని జన్మించిన ఊరు ఆయనను పిలుచుచుండెను.

1938వ సంవత్సరాంతమున ఆయన రాంచీకి వచ్చి చూచెను. తన జాతివారి భూములు వడ్డీవ్యాపారుల పాలగుచుండెను. తన చిన్ననాటి తోడివారు పొట్ట చేతబట్టుకొని అస్సాము తేయాకు తోటలకు పోవుచుండిరి. గనులు తవ్వబడుచున్నను ఆ నేలకు పుట్టినవారికి కూలియే మిగులుచుండెను. 1939 జనవరి నెలలో రాంచీలో జరిగిన ఆదివాసి మహాసభకు ఆయన అధ్యక్షుడాయెను. ఛోటానాగపూరు, సంతాల్ పరగణాల ఆదివాసులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను కోరికకు ఆయన కంఠమాయెను. క్రైస్తవులైన ఆదివాసులు, పూర్వాచారము విడువని ఆదివాసులు ఒక్క సభలో కూర్చుండిరి. ప్రజలు ఆయనను మరంగ్ గోమ్కే అని పిలిచిరి. ఆ మాటకు పెద్ద నాయకుడని యర్థము. యుద్ధకాలమున ఆయన ఆంగ్ల ప్రభుత్వమునకు తోడ్పడి సేనలో చేరుడని తనవారిని ప్రోత్సహించుటచే, స్వాతంత్ర్యోద్యమమున నున్నవారు ఆయనను మిక్కిలి నిందించిరి. ఆ నిందయు చరిత్రలోనిదే గాన దాచరాదు.

1946వ సంవత్సరమున రాజ్యాంగ నిర్మాణసభ సమావేశమైనప్పుడు ఆయన అందు సభ్యుడు. ఆ డిసెంబరు 19వ తేదీన ధ్యేయ తీర్మానముపై మాటలాడుచు, ఇతరులు నిందగా వాడు అడవివాడను పేరును తానే గర్వముతో ధరించెను. ప్రజాస్వామ్యమును ఆదివాసులకు నేర్పవలసిన పని లేదనియు, వారి గ్రామసభలనుండి ఇతరులే దానిని నేర్చుకొనవచ్చుననియు వాదించెను. సభలో ఆదివాసి స్త్రీలకు చోటు లేకపోవుటను ఎత్తిచూపెను. అధికారపత్రములలో తనవారికి వనజాతి వంటి పేర్లు పెట్టుటకు ఒప్పుకొనక, ఆదివాసి యను పదమునే నిలుపవలెనని పట్టుబట్టెను. రాజ్యాంగపు ఆంగ్ల ప్రతిలో షెడ్యూల్డు ట్రైబ్స్ అను మాటయే నిలిచినది. ఆ పందెమున ఆయన ఓడెను. అయినను ఆయన కోరిన పదమునే నేడు దేశమంతయు పలుకుచున్నది.

ఆ నడుమనే యొక ఘోరము జరిగినది. 1948 జనవరి 1వ తేదీన ఖర్సవాన్ సంస్థానమున, తమ ప్రాంతమును ఒరిస్సాలో కలుపుటను ప్రతిఘటించుటకై వేలకొలది ఆదివాసులు సమావేశమైరి. జైపాల్ సింగ్ వచ్చి మాటలాడునని వారు ఎదురుచూచుచుండిరి. ఆయన ఆ దినమున రాలేదు. పోలీసులు కాల్చిన తుపాకులకు అనేకులు బలియైరి. నాయకుడు రాకపోవుటచేతనే ఆ మరణములు కలిగినవనుట న్యాయము కాదు. తుపాకి పట్టినవారిదే ఆ దోషము. కాని జనసమూహమును పిలుచు పేరు తనదైనప్పుడు, ఆ సమూహము కడ తానును నిలువవలెనను సంగతిని ఆ నెత్తురు గుర్తుచేయుచున్నది.

అదే సంవత్సరము నవంబరు నెలలో మద్యనిషేధ విషయము సభలో చర్చకు వచ్చినది. మిషను పాఠశాలకు సంబంధించిన మనకు ఇది కొంత చిక్కైన ఘట్టము. మిషనువారు మద్యపానమును ఖండించుదురు. మిషనులో పెరిగిన జైపాల్ సింగ్ మాత్రము ఆ నిబంధన నెదిరించెను. బియ్యముతో చేయు పానీయము ఆదివాసుల పూజలలో భాగమనియు, నాట్లు వేయు దినములలో తడిసిన పొలమున దినమంతయు నిలుచు కూలికి అది ఆధారమనియు, అడుగకయే వారి ఆచారమును నేరముగా చేయరాదనియు ఆయన వాదము. మనము ఆయనతో ఏకీభవింపకపోవచ్చును. తనను పెంచినవారికి అప్రియమగునని యెరిగియు తన జనుల పక్షమున మాటలాడుటకు ధైర్యము కావలెనని మాత్రము ఒప్పుకొనవలెను.

ఆదివాసి ప్రాంతములను గూర్చి విచారించిన ఠక్కర్ ఉపసంఘమున ఆయన సభ్యుడుగా నుండెను. ఆ విచారణలనుండి రాజ్యాంగమందలి అయిదవ షెడ్యూలు రూపొందినది. ఆదివాసుల భూమిని ఇతరులు కాజేయకుండ కట్టుదిట్టము చేయుటకు అందు వీలు కల్పింపబడినది. నేటి ఆంధ్రప్రదేశములోని మన్యపు కోయలు, కొండదొరలు, తెలంగాణములోని ఆదిలాబాదు గోండులు నివసించు గ్రామములు అనేకము ఆ షెడ్యూలు క్రిందికి వచ్చును. కావున ఈ ముండా నాయకుని శ్రమ మన తెలుగునేలను కూడ తాకినదని చెప్పవచ్చును. నిర్మాణసభలో ఆయన పక్షము బహు స్వల్పము. సవరణ వెంట సవరణ ప్రతిపాదించి, ఓడిపోవుచు, మరల లేచి మాటలాడెను. ఆమ్‌స్టర్‌డామున తుదిపోటీకి నిలువని నాయకుడు ఇచ్చట ఆఖరి దినమువరకు మైదానము విడువలేదు.

రాజ్యాంగము అమలులోనికి వచ్చిన 1950వ సంవత్సరమున ఆదివాసి మహాసభ జార్ఖండ్ పార్టీగా మారినది. 1952 ఎన్నికలలో బీహారు శాసనసభలో అది 32 స్థానములు గెలిచి ప్రధాన ప్రతిపక్షమాయెను. జైపాల్ సింగ్ లోక్‌సభకు ఎన్నికై, మరణించువరకు సభ్యుడుగా నుండెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడుటతో ఇతర ప్రాంతములవారికిని ఆశలు కలిగినవి. కాని 1955వ సంవత్సరమున రాష్ట్రముల పునర్విభజన సంఘమువారు జార్ఖండ్ కోరికను త్రోసిపుచ్చిరి. ఆదివాసులు అచ్చట అల్పసంఖ్యాకులనియు, వారిలోనే పలు భాషలు గలవనియు వారు చూపిన కారణములలో కొన్ని. తరువాతి ఎన్నికలలో పార్టీ బలము క్రమముగా తగ్గినది. 1963వ సంవత్సరమున ఆయన తన పార్టీని కాంగ్రెసులో విలీనము చేసి, కొలదికాలము బీహారులో మంత్రిగా నుండెను. విలీనమునకు ఒప్పుకొననివారు చీలిపోయిరి. రాష్ట్రము రాలేదు. ఉన్న జట్టును చెదరిపోయినది.

ఇది ఆయన జీవితమున మూడవ పెద్ద నిర్ణయము. ఆమ్‌స్టర్‌డామున తానొక్కడు జట్టును వీడగా జట్టు గెలిచినది. ఇచ్చట జట్టునంతటిని వెంటబెట్టుకొని ఎదుటి పక్షమున చేరగా జట్టే లేకుండ పోయినది. ఒకడు వైదొలగిన నష్టము తీరవచ్చును. జట్టు ఏ గోలుకొరకు ఆడుచున్నదో ఆ గోలు మరచిపోయిన నష్టము తీరుట బహు కష్టము.

1970వ సంవత్సరము మార్చి 20వ తేదీన ఆయన ఢిల్లీలో మరణించెను. ముప్పదియేండ్ల పిమ్మట, 2000వ సంవత్సరము నవంబరు 15వ తేదీన, ముండా వీరుడు బిర్సా జన్మదినమున జార్ఖండ్ రాష్ట్ర మవతరించినది. ఆయన విత్తిన విత్తు ఆయన చూడని దినమున ఫలించినది. ఆ ప్రాంతమునుండియే 1972లో మైకేల్ కిండో, 1980లో సిల్వానస్ డుంగ్‌డుంగ్ ఒలింపిక్ హాకీ జట్టులలో ఆడి పతకములు తెచ్చిరి. వెదురు కర్రతో ఆడు పల్లె పిల్లవాడు ప్రపంచమున కెదురు నిలువగలడని మొదట చూపినవాడు జైపాల్ సింగ్.

విద్యార్థులారా, మహాపురుషుల జీవితములు తప్పులు లేనివని మీరు తలంపవలదు. జైపాల్ సింగ్ చేసిన నిర్ణయములలో కొన్ని ప్రశంసింపదగినవి, కొన్ని ప్రశ్నింపదగినవి. కాని యెన్నడును ఆయన జీతము చూచి గాని, పెద్దలకు భయపడి గాని నిర్ణయింపలేదు. రేపు మీ పాఠశాల జట్టులో మీకొక అన్యాయము జరిగినచో కర్ర పారవైచుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు. నేను కాపాడుచున్నది నా గౌరవమునా, నా వెనుకనున్నవారి గోలునా? రెండును ఒక్కటే యైనప్పుడు ధైర్యముగా ఎదిరింపుడు. రెండును వేరైనప్పుడు పందెము ముగియువరకు నిలువుడు. వాదమునకు సాయంకాలము ఎటులను మిగిలియే యుండును.